నలుగురిలో ఒకడు

గూఢచారి మేకు ఆ బార్బర్ షాపు తలుపు తోసేసరికే మనిషి ప్రాణం పోయింది.

మధ్య కుర్చీ వెనక్కి వాల్చి ఉంది. అందులో మనిషి మొహం మీద తువ్వాలు ఇంకా ఆవిర్లు కక్కుతోంది. గెడ్డానికి రాసిన నురగ కూడా ఆరలేదు. గోడ మీద ఫ్యాను తనకేం పట్టనట్టు అటూ ఇటూ తల తిప్పుతోంది.

"వేడినీళ్ళ కోసం అలా లోపలికెళ్ళి ఇలా వచ్చాను సార్" అన్నాడు బార్బర్. "పక్క కుర్చీలో ఒకాయన పేపరు చదువుకుంటూ ఉన్నాడు. తిరిగొచ్చి చూస్తే ఆయన లేడు. ఈయన పలకట్లేదు."

మేకు తువ్వాలు తీశాడు. చెవి కింద దోమ కుట్టినంత చుక్క. దాని చుట్టూ చర్మం నీలం తిరిగింది. చూడగానే విషయం అర్థమైంది. సూది.

పోయినవాడు హార్బర్‌లో రాడార్ టెక్నీషియన్. ఆ ఉదయమే మేకు పనిచేసే నిఘా డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేశాడు. "నా ఉమ్మిని అడ్డం పెట్టుకుని నన్ను ఆడిస్తున్నారు సార్. లార్క్ టూ. ఫోన్లో ఇంతకన్నా చెప్పలేను. మీ ఆఫీసు దగ్గరి బార్బర్ షాపులో ఉంటాను, ఎవర్నైనా పంపండి." అన్నది అంతే.

షాపు డిపార్ట్‌మెంట్‌కి ఎంతో దూరం లేదు. కానీ కారు గేటు దాటడానికి పాస్ కావాలి. పాస్ గడువు నిన్నటితో అయిపోయింది. కొత్త పాస్ మీద సంతకం పెట్టాల్సినాయన సెలవులో ఉన్నాడు. మేకు గేటు దగ్గర గార్డుతో గొడవపడి, చివరికి కారు వదిలేసి పరిగెత్తాడు. ఆ గొడవపడ్డ కాసేపట్లోనే ఇక్కడ ఒక మనిషి నిండు ప్రాణం పోయింది.

కుర్చీ చేతి మీద గట్టిగా ఒక గుద్దు గుద్దాడు. కుర్చీ కీచుమంది. దానివల్ల ఒరిగింది అదొక్కటే.

అతన్ని డిపార్ట్‌మెంట్‌లో అందరూ మేకు అనే పిలుస్తారు. ఎక్కడ దిగ్గొడితే అక్కడే ఉండిపోతాడని పెట్టిన పేరు. పైకి లాగడానికి మాత్రం ఎవరూ గుర్తుంచుకోరు. అది వాళ్ళు చెప్పరు, అతనికి తెలుసు.

డైరెక్టర్ గదిలో ఏసీ పనిచేయడం లేదు. డైరెక్టర్ గొంతు బిళ్ళ చప్పరిస్తూ ఫైలు తిరగేస్తున్నాడు.

"లార్క్ అంటే పిట్ట కదా సార్?" అన్నాడు మేకు.

"పిట్ట కాదు, జీన్. ఎల్ ఆర్ ఆర్ కె టూ. డాక్టర్లకే నోరు తిరగక లార్క్ టూ అంటారట. అందులో ఒక్క అక్షరం తేడా పడితే పార్కిన్సన్స్ రిస్కు పెరుగుతుంది. చేతులు వణకడం, నడక బిగుసుకుపోవడం... నీకు నేను చెప్పక్కర్లేదనుకో."

చెప్పక్కర్లేదు. మేకు తండ్రికి ఏళ్ళుగా అదే జబ్బు.

"అంటే జబ్బు వస్తుందా, రిస్కు పెరుగుతుందా?"

"రెండూ ఒకటేగా!" డైరెక్టర్ చెయ్యి ఊపేశాడు. "విను. ఊళ్ళో కొత్తగా నిండు నూరేళ్ళు వెల్‌నెస్ సెంటర్ అని ఒకటి తెరిచారు. హార్బర్ స్టాఫ్‌కి ఉచితంగా జెనెటిక్ చెకప్. అందరూ ట్యూబుల్లో ఉమ్మేసి వచ్చారు. వెనక ఉన్నది విదేశీ ముఠా. వాళ్ళకి మన ఆరోగ్యం అక్కర్లేదు, మన భయం కావాలి. ఎవరికి జీన్ ఉందని తేలితే వాళ్ళని పిలుస్తారు. పై ఆఫీసుకి చెబితే నీ ఉద్యోగం పోతుంది, మేం చెప్పకుండా ఉండాలంటే చిన్న సాయం చెయ్ అంటారు. టెక్నీషియన్ ఎదురు తిరిగాడు. ఏమయ్యాడో చూశావు."

"సాయం అంటే?"

"అది తెలుసుకోవడానికే నిన్ను పంపుతున్నాను. లోపలి హార్బర్‌లో మన యుద్ధనౌకలన్నీ ఉన్నాయి. వచ్చే నెల ఆఖరి గురువారం సాయంత్రం బయల్దేరాలి. ఆలోపే ఏదో చేస్తారు. నువ్వు పోర్ట్ కంట్రోల్ రూమ్‌లో కొత్త ఆపరేటర్‌వి. చెకప్‌కి వెళ్తావు. మీ నాన్న జబ్బు సంగతి దాచకు, అదే మన ఎర."

"నాకు ఆ జీన్ లేకపోతే?"

"లేకపోయినా ఉన్నట్టు వస్తుంది. శాంపిల్స్ తీసుకెళ్ళే వ్యాన్ డ్రైవర్ మనవాడు. దారిలో నీ ట్యూబు తీసేసి, జీన్ ఉన్నవాళ్ళది పెడతాడు. అంతా సెట్ చేశాను. ఇంకోటి. లోపల మనకి ఒక మనిషి ఉంది. ఎవరో నాకూ తెలీదు. 'ఈ కుర్చీ కిర్రుమంటోంది' అను. 'నేల వంకరండీ, కుర్చీ తప్పు లేదు' అంటే ఆవిడే."

కింద పరికరాల సెక్షన్‌లో అతనికి చెవిలో పెట్టుకునే రిసీవర్ ఒకటి, చొక్కా గుండీలో ఇమిడే కెమెరా ఒకటి ఇచ్చారు. రిసీవర్ పెట్టుకోగానే అందులో డైరెక్టర్ గొంతు బదులు క్రికెట్ కామెంటరీ వినిపించింది. "వాతావరణం బాగుంటే సర్దుకుంటుంది సార్" అన్నాడు సెక్షన్ ఇన్‌చార్జ్, నిమ్మకు నీరెత్తినట్టు.

మర్నాడు పొద్దున మేకు బయల్దేరుతుంటే తండ్రి అద్దం ముందు చొక్కా గుండీతో కుస్తీ పడుతున్నాడు. గుండీ కన్నం దాకా వస్తుంది, వేళ్ళు వణుకుతాయి, జారిపోతుంది. మళ్ళీ మొదలు.

"ఇలా తే నాన్నా, నేను పెడతాను."

"అవసరం లేదు. నువ్వు ఆఫీసుకి పో." తండ్రి లెక్కలో కొడుకు పనిచేసేది తూనికలు కొలతల శాఖలో. "ఎవరి తూకం రాళ్ళు తేడాగా ఉన్నాయో చూసుకో. నా గుండీల జోలికి రాకు."

"గంటసేపు పడుతుంది."

"పట్టనీ. నాకేమన్నా మీటింగ్ ఉందా?"

మేకుకి ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలీదు. తండ్రి మీద కాదు, గుండీ మీద కూడా కాదు. ఆ మంట మింగేసి బయటపడ్డాడు.

సెంటర్లో అంతా తెలుపు. గోడలు, కుర్చీలు, నర్సుల బూట్లు కూడా. ట్యూబులో గీత దాకా ఉమ్మాలన్నారు. అరగంట ముందు నుంచి నీళ్ళు కూడా తాగకూడదట. నోరు ఎండిపోయి ఉంది. మేకు ఒక మూల నిలబడి దవడలు నొక్కుకుంటూ, పుల్లటివన్నీ తలుచుకుంటూ, చుక్క చుక్క కూడగట్టాడు. శత్రు దేశంలో సరిహద్దు కంచె దాటినప్పుడు కూడా ఇంత కష్టపడలేదు.

ఫారం నింపేటప్పుడు నర్సు అడిగింది. "ఇంట్లో ఎవరికైనా పార్కిన్సన్స్?"

"మా నాన్నకి."

ఆమె కళ్ళెత్తి చూసి మళ్ళీ దించేసింది. ఎర అక్కడే పడింది.

తర్వాత వారాలు గడిచాయి. కంట్రోల్ రూమ్‌లో కూర్చుని వచ్చే ఓడల్ని, పోయే ఓడల్ని స్క్రీన్ మీద చూస్తూ, రేడియోలో జవాబులు చెబుతూ, మేకు నిజంగానే పోర్ట్ ఉద్యోగిగా మారిపోయాడు. డైరెక్టర్‌కి ఫోన్ చేస్తే "ఓపిక పట్టు" అంటాడు. గుండీ కెమెరా రెండో ఉతుక్కే పాడైపోయింది. చివరికి యుద్ధనౌకలు బయల్దేరే వారం, మంగళవారం నాడు సెంటర్ నుంచి పిలుపొచ్చింది.

గదిలో రిపోర్టులు వివరించే కౌన్సెలర్ కూర్చుని ఉంది. ముదురు నీలం సూటు, ఎర్రటి పెదవులు, సినిమా పోస్టర్లోంచి దిగొచ్చినట్టున్న మనిషి. గొంతు మాత్రం మెత్తగా, జాగ్రత్తగా, చదివి వినిపిస్తున్నట్టు ఉంది.

"రిపోర్ట్ పాజిటివ్ అండీ. లార్క్ టూలో మార్పు ఉంది. నాన్నగారి నుంచి వచ్చి ఉంటుంది."

మేకు మొహం పాలిపోయినట్టు నటించాడు. బాగానే నటించాననుకున్నాడు. కుర్చీలో కదిలి అన్నాడు. "ఈ కుర్చీ కిర్రుమంటోంది."

కౌన్సెలర్ కనురెప్ప కూడా కదల్లేదు. "మార్పిస్తాం" అంది.

ఈవిడ కాదన్నమాట. మేకు లోలోపల తల పట్టుకున్నాడు.

అంతలో పక్క తలుపు తెరుచుకుని ఒక మనిషి లోపలికి వచ్చాడు. ఇస్త్రీ చెదరని తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు, జేబులో లావుపాటి పెన్ను. సెంటర్ అధిపతి అని పరిచయం చేసుకున్నాడు. మేకు మనసులో అతనికి తెల్లకోటు అని పేరు పెట్టేశాడు. అతని కళ్ళు డాక్టర్ కళ్ళలా లేవు. రోగిని చూసే కళ్ళు కావవి, సరుకుని చూసే కళ్ళు.

"చూడు బాబూ, దాచి లాభం లేదు" అన్నాడు తెల్లకోటు. "ఇది ఉంటే వచ్చి తీరుతుంది. కొన్నేళ్ళలో నీ చేతులు మీ నాన్న చేతులవుతాయి. పోర్ట్‌వాళ్ళకి తెలిస్తే నిన్ను ఆ కుర్చీలో ఒక్కరోజు ఉంచుతారా? మేం చెప్పం. మనలో మనకి ఆ మాత్రం సాయం ఉండాలి. నువ్వూ మాకు చిన్న సాయం చెయ్యాలి."

"ఏం సాయం?"

"గురువారం పొద్దున గ్యాస్ ట్యాంకర్ ఓడ ఒకటి వస్తుంది. అది మలుపులో నీళ్ళ మీద తేలే ఎర్ర బోయా దగ్గరికొచ్చేసరికి నీ స్క్రీన్ మీద ఏం కనబడినా నువ్వు రేడియో ముట్టుకోవు. ఎవరు పిలిచినా పలకవు. అంతే. నోరు మూసుకుని కూర్చోవడం. అదీ ఒక పనేనా?"

మేకు భయపడ్డట్టు నేల చూశాడు. తర్వాత తలూపాడు. తెల్లకోటు అతని భుజం తట్టాడు. ఆ చెయ్యి చల్లగా ఉంది.

బయటికొచ్చి రెండు వీధులు తిరిగి, వెనక ఎవరూ లేరని రూఢి చేసుకుని, డైరెక్టర్‌కి ఫోన్ చేశాడు. తెల్లకోటు అన్నదంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. "చేప ఎర మింగింది సార్. మీరు మార్పించిన ట్యూబు బ్రహ్మాండంగా పనిచేసింది."

అవతల గొంతు బిళ్ళ చప్పరిస్తున్న చప్పుడు ఆగిపోయింది.

"అదీ... నీకు మెమో రాలేదా?"

"ఏం మెమో?"

"ఆ రోజు వ్యాన్ టైరు పంక్చరయింది. సెంటర్ వాళ్ళు వేరే బండి పంపారు. మార్చడం కుదరలేదు. మెమో పంపమన్నానే. అడ్మిన్‌లో ఆగిపోయినట్టుంది."

మేకు ఫుట్‌పాత్ మీద నిలబడిపోయాడు. పక్కనుంచి ఒక స్కూలు బస్సు వెళ్ళింది. ఎవరో ఎవర్నో గట్టిగా పిలిచారు.

"అంటే ఆ ఉమ్మి..."

"నీదే" అన్నాడు డైరెక్టర్. తర్వాత, ఏదో ఒకటి అనాలి కాబట్టి, "ఒక రకంగా ఇంకా సహజంగా కుదిరింది" అన్నాడు.

మేకు ఫోన్ పెట్టేశాడు. ఎవర్ని తిట్టాలి? టైరునా? మెమోనా? ఏ పాపమూ ఎరగకుండా ఇంట్లో గుండీ పెట్టుకుంటున్న మనిషినా? తన కుడిచేతిని ముందుకు చాపి చూసుకున్నాడు. వణుకుతోంది. కోపంతో వణుకుతోందని తనకి తను చెప్పుకున్నాడు. నమ్మకం కుదరలేదు.

ఆ సాయంత్రం ఇంటికెళ్తే తండ్రి సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్నాడు. మేకు ఎదురుగా కూర్చుని తండ్రి చేతిని అలాగే చూస్తూ ఉండిపోయాడు. బొటనవేలు, చూపుడువేలు కనిపించని మాత్రని ఉండ చేస్తున్నట్టు కదులుతున్నాయి.

"ఏంట్రా, నా చేతికేసి అలా చూస్తున్నావు? కొత్తగా ఏమన్నా మొలిచిందా?"

"ఏం లేదు నాన్నా."

"ఏం లేకపోతే టీవీ చూడు. అది ఇంకా బాగా వణుకుతోంది. కేబులువాడికి ఫోన్ చెయ్."

బుధవారం డ్యూటీ దిగి మేకు బట్టలు తెచ్చుకోడానికి లాండ్రీకి వెళ్ళాడు. వరసగా తిరుగుతున్న మెషిన్ల ముందు బెంచీ మీద ఒక మనిషి కూర్చుని ఉంది. ముదురు కళ్ళజోడు, తలకి కట్టిన స్కార్ఫ్. అతను పక్కన కూర్చోగానే మెల్లగా అంది.

"నేల వంకరండీ, కుర్చీ తప్పు లేదు."

మేకు గిర్రున తిరిగాడు. కౌన్సెలర్.

"మరి నిన్న ఎందుకు పలకలేదు?"

"మీరు చెప్పింది పోయిన నెల కోడ్ వర్డ్. ఈ నెల మారింది. ఇలాంటి పాత మాటతో వలలు వేసేవాళ్ళు చాలామంది ఉంటారు. మీరు ఎవరో కనుక్కోడానికి నాకు ఒక రోజు పట్టింది. మీ డైరెక్టర్ మీకు ఏదీ సరిగ్గా చెప్పరా?"

"చెప్పరు" అన్నాడు మేకు పళ్ళు నూరుతూ.

ఆమె కళ్ళజోడు తీసింది. కళ్ళ కింద నల్లటి చారలు. "ముందు ఒక మాట. ట్యూబు మారలేదని, ఆ రిపోర్ట్ నిజంగా మీదే అని ఇప్పుడే తెలిసింది. నిన్న ఆ గదిలో మీరు విన్నది అబద్ధం. వచ్చి తీరుతుందని ఆయన అన్నాడు చూశారా, అది అబద్ధం."

మెషిన్ గుండ్రం గాజు వెనక ఎవరివో చొక్కాలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

"ఈ మార్పు ఉన్నవాళ్ళు ఎనభై ఏళ్ళు బతికితే నలుగురిలో ఒకరికి జబ్బు వస్తుంది. కొన్ని స్టడీల్లో ముగ్గురిలో ఒకరు. మిగతావాళ్ళు ఆ మార్పు మోస్తూనే, దాని ఊసే తెలీకుండా ముసలివాళ్ళయి మామూలుగా పోతారు. ఎవరికి వస్తుంది, ఎవరికి రాదు అన్నది ఇవాళ ఏ డాక్టరూ చెప్పలేడు. వయసుంటుంది, వేరే జీన్స్ ఉంటాయి, తలకి దెబ్బలు, పురుగుమందులు, ఇంకా తెలీనివి ఎన్నో. అసలు జబ్బు వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి ఈ మార్పు ఉండనే ఉండదు. ఇది చెప్పడానికే నేను చదువుకున్నాను. వాళ్ళు నాకు జీతమిచ్చింది మాత్రం సగమే చెప్పమని. ఆ సగం విన్న మనిషి బార్బర్ షాపులో పోయాడు. నేను అప్పటికే మీవైపు, అయినా ఆపలేకపోయాను."

"నలుగురిలో ఒకరు" అన్నాడు మేకు నెమ్మదిగా. మంచి వార్తో చెడ్డ వార్తో అతనికి తేలడం లేదు. పిడికిలి బిగించుకుని అది ఎవరికి విసరాలో తెలీనివాడిలా కూర్చున్నాడు.

"రేపటి సంగతి వినండి. వాళ్ళు మూయించింది మీ నోరొక్కటే కాదు. హార్బర్ పైలట్‌ది కూడా. వాళ్ళమ్మ ఇదే జబ్బుతో పోయింది. ఆయన ట్యాంకర్ ఎక్కి దాన్ని లోపలికి తేవాలి. ఎర్ర బోయా దగ్గర ఎడమకి తిప్పమని ఆర్డర్ ఇవ్వకుండా ఊరుకుంటే చాలు. ఓడ తిన్నగా పోయి ఇసుక మేట ఎక్కి, ఓడలు పోయే ఛానెల్‌కి అడ్డంగా కూలబడుతుంది. గ్యాస్ ఓడ కాబట్టి దగ్గరికి పోవడానికే అందరికీ భయం. నెలల తరబడి దారి బంద్. మీ యుద్ధనౌకలన్నీ లోపల బందీ."

మేకు అక్కడికక్కడే డైరెక్టర్‌కి ఫోన్ చేశాడు. పైలట్‌ని వెంటనే అదుపులోకి తీసుకోవాలన్నాడు. పోర్ట్ శాఖ నుంచి రాతపూర్వక అనుమతి లేకుండా పైలట్‌ని తాకలేమన్నాడు డైరెక్టర్. పొద్దునకల్లా వచ్చేస్తుంది, జెట్టీ దగ్గరే పట్టుకుందామన్నాడు. కౌన్సెలర్ వింటూ కళ్ళు మూసుకుంది.

గురువారం పొద్దున అనుమతి రాలేదు. ట్యాంకర్ మాత్రం చెప్పినదానికన్నా ముందే వచ్చింది.

మేకు కంట్రోల్ రూమ్‌లో అడుగుపెట్టేసరికి స్క్రీన్ మీద దాని గుర్తు ఛానెల్ వైపు పాకుతోంది.

"పైలట్ ఎప్పుడు బయల్దేరాడు?" అని అరిచాడు.

"ఇందాకే" అంది సీనియర్ ఆపరేటర్. "హెల్త్ ఆఫీసర్ కూడా ఆయనతోనే వెళ్ళాడు. తెల్లకోటు వేసుకున్నాయన."

మేకు మైకు లాక్కున్నాడు. రేడియోలో ఓడని పిలిచాడు. జవాబు లేదు. మళ్ళీ పిలిచాడు. ఓడ మీద ఎవరో రేడియో గొంతు నొక్కేశారు. ఓడల్ని లాగే టగ్ బోట్లని పిలిచి ట్యాంకర్‌ని ఆపమన్నాడు. పైలట్ ఆర్డర్ లేనిదే కదలం అన్నారు వాళ్ళు. డైరెక్టర్ ఫోన్ బిజీ. చెవిలో రిసీవర్ ఉన్నట్టుండి బతికొచ్చి, ఎవరో బౌండరీ కొట్టారని కేకలు వేసింది. దాన్ని పీకి చెత్తబుట్టలో విసిరికొట్టాడు.

"మీరు ఆ ఓడని పిలుస్తూనే ఉండండి. ఆపొద్దు" అని సీనియర్‌కి చెప్పి మెట్లు దూకుతూ జెట్టీకి పరిగెత్తాడు.

రెండో పైలట్ బోట్ నడిపే మనిషి గెడ్డం గీసుకుంటున్నాడు. మేకు జేబులోంచి డిపార్ట్‌మెంట్ కార్డు తీసి మొహం మీద పెట్టాడు. ఆ కార్డు గడువు కూడా అయిపోయింది. అదృష్టం బాగుండి ఆ మనిషి కళ్ళజోడు పెట్టుకోలేదు.

బోటు అలల మీద ఎగిరెగిరి పడుతూ ట్యాంకర్ పక్కకి చేరింది. పైనుంచి తాడు నిచ్చెన వేలాడుతోంది. మేకు దాన్ని అందుకున్నాడు. కింద నీళ్ళు నల్లగా సుళ్ళు తిరుగుతున్నాయి. మోకాళ్ళు ఓడ ఇనుముకి కొట్టుకుని చీరుకుపోయాయి. డెక్ మీదికి పడి, లేచి, ఇనుప మెట్లు ఎక్కుతూ పోయాడు. ఎన్ని అంతస్తులో. అన్నీ ఒకేలా ఉన్నాయి, అన్నిటికీ ఒకటే పచ్చ రంగు.

ఓడని నడిపే గది, బ్రిడ్జ్ తలుపు తోశాడు. ఎదురుగా పొడవాటి అద్దాలు. చుక్కాని దగ్గర ఒక నావికుడు. బైనాక్యులర్స్ పట్టుకున్న విదేశీ కెప్టెన్, పొట్టిగా దుక్కలా ఉన్న ఆడమనిషి. ఆమెకి ఈ హార్బర్ కొత్త. పైలట్ ఎలా చెబితే అలా. మధ్యలో పైలట్, జుట్టు నెరిసిన మనిషి, అద్దంలోంచి ఎర్ర బోయాకేసి చూస్తున్నాడు. చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది. అతని వెనకే, మరీ దగ్గరగా తెల్లకోటు. చేతిలో ఆ లావుపాటి పెన్ను.

"పైలట్ గారూ!" అన్నాడు మేకు రొప్పుతూ. "ఆ ఆర్డర్ ఇవ్వండి."

"ఆలస్యమయింది" అన్నాడు తెల్లకోటు చల్లగా. "నువ్వు ఒక్క అడుగు వేస్తే ఈయన ఇక్కడే కూలిపోతాడు. బార్బర్ షాపు సంగతి విన్నావుగా?"

పైలట్ తల తిప్పలేదు. "ఎవరు బాబూ నువ్వు? వెళ్ళిపో. నీకేం తెలీదు."

"నాకు తెలుసు సార్. నాకూ అదే రిపోర్ట్ వచ్చింది. నాదీ పాజిటివే. మా నాన్నకి ఆ జబ్బు ఉంది."

పైలట్ భుజాలు కదిలాయి.

"వీళ్ళు మీకు చెప్పింది అబద్ధం. వచ్చి తీరుతుందన్నారు కదా? తీరదు. నలుగురిలో ఒకరికే వస్తుంది. మహా అయితే ముగ్గురిలో ఒకరికి. మిగతావాళ్ళకి రాదు."

"మా అమ్మకి వచ్చింది!" పైలట్ గొంతు పగిలింది. "చెంచా ఎత్తలేకపోయింది. చివర్లో నా పేరు పలకడానికి కూడా నోరు కదల్లేదు. నేను చూశాను. ఈ చేతులు పోతే నేనెవర్ని? ముప్ఫై ఏళ్ళుగా నాకు వచ్చింది ఈ ఒక్క పనే."

"నేనూ చూస్తున్నానన్నా, రోజూ" అన్నాడు మేకు. సార్ అన్న మాట ఎప్పుడు పోయిందో అతనికే తెలీదు. "పొద్దున్నే గుండీతో యుద్ధం చేస్తాడు. నాకు పిచ్చెక్కిపోతుంది. సాయం చేస్తానంటే తిడతాడు. ఎందుకో ఇప్పుడు అర్థమవుతోంది. వేళ్ళు వణికేది ఆయనవే, కానీ గుండీ పెట్టేదీ ఆయనే. ఆ పని ఎవరికీ ఇవ్వడు. నీకు జబ్బు ఇంకా రాలేదు. వస్తుందో రాదో కూడా తెలీదు. రాకముందే నీ పని వీడి చేతిలో పెట్టేస్తావా?"

అద్దం అవతల ఎర్ర బోయా పక్కకి వచ్చేసింది. నీళ్ళ కింద ఇసుక మేట పచ్చటి మరకలా కనబడుతోంది. కెప్టెన్ అనుమానంగా పైలట్‌కేసి చూసింది. "పైలట్? పైలట్, ఆర్డర్స్ ప్లీజ్!"

"నోరు తెరిచావో..." అన్నాడు తెల్లకోటు. పెన్ను మొనలోంచి సన్నటి సూది బయటికొచ్చింది.

పైలట్ గట్టిగా ఊపిరి పీల్చాడు.

"హార్డ్ ఎ పోర్ట్!" అని బ్రిడ్జ్ దద్దరిల్లేలా అరిచాడు.

నావికుడు చుక్కాని గిర్రున పూర్తిగా ఎడమకి తిప్పాడు. అదే క్షణంలో తెల్లకోటు చెయ్యి లేచింది. మేకు ముందుకి దూకి ఆ మణికట్టు పట్టుకున్నాడు. సూది పైలట్ కాలరుకి వెంట్రుకవాసి దూరంలో ఆగింది. తెల్లకోటు మనిషి బక్కగా ఉన్నా బలం ఉన్నవాడు. మోచేత్తో మేకు డొక్కలో పొడిచాడు. మేకు పట్టు జారింది. అంతలో కెప్టెన్ కదిలింది. వాళ్ళ మాటల్లో ఒక్క ముక్కా ఆమెకి అర్థం కాలేదు, సూది మాత్రం అర్థమైంది. చేతిలో ఉన్న బైనాక్యులర్స్ ఎత్తి తెల్లకోటు నెత్తిన ఒక్కటిచ్చింది. అతను బస్తాలా కూలాడు.

ఓడ తిరుగుతోంది. ఎంత నెమ్మదిగా అంటే, తిరగడం లేదేమో అన్నంత నెమ్మదిగా. కింద ఎక్కడో ఇనుము ఇసుకని రాసుకున్న గర్రుమన్న శబ్దం. బ్రిడ్జ్ అంతా వణికింది. పైలట్ కళ్ళు అద్దం మీదే ఉన్నాయి. వరసగా ఆర్డర్లు ఇస్తున్నాడు. ఇంజన్ ఎంత, చుక్కాని ఎంత, టగ్ ఏ వైపు. గొంతులో బెరుకు లేదు.

గర్రుమన్న శబ్దం ఆగిపోయింది. ఓడ ముక్కు మెల్లగా ఎడమకి జరిగి, ఛానెల్ మధ్యకి వచ్చి, తిన్నగా నిలబడింది.

అప్పుడు మేకు ఫోన్ మోగింది. డైరెక్టర్.

"శుభవార్త! అనుమతి వచ్చేసింది. పైలట్‌ని పట్టుకోవచ్చు."

మేకు ఫోన్ చెవి నుంచి తీసి, దానికేసి కాసేపు చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "ఆయన పనిలో ఉన్నాడు సార్. ఓడని కట్టేశాక ఆయనే మీ దగ్గరికొచ్చి అంతా చెబుతాడు. సెంటర్ ముట్టడించండి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదనుకుంటా. కౌన్సెలర్‌ని జాగ్రత్తగా బయటికి తీసుకురండి. నాకు ఆవిడతో ఇంకా పనుంది."

"మిషన్ అయిపోయిందిగా, ఇంకేం పని?"

"అడగాల్సినవి చాలా ఉన్నాయి. మా నాన్నని కూడా తీసుకెళ్తాను."

ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. తండ్రికి ఏమని చెప్పాలో ఇంకా తెలీదు. ఆ జీన్ నువ్విచ్చావని చెబితే ఆ మనిషి నొచ్చుకుంటాడు. చెప్పకపోతే తనే నలిగిపోతాడు. చెప్పాలి. తూనికలు కొలతల శాఖ సంగతి కూడా ఎప్పుడో ఒకప్పుడు చెప్పాలి. దేన్ని ముందు చెబితే తక్కువ తిట్లు పడతాయో ఆలోచించాలి.

తెల్లకోటుని నావికులు తాళ్ళతో కట్టేశారు. పైలట్ ఆఖరి మలుపు కూడా తిప్పి మేకుకేసి తిరిగాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"నా మీద కేసు ఉంటుందా?"

"ఉంటుంది. కానీ ఆ ఆర్డర్ ఇచ్చింది మీరేనని నేను సాక్ష్యం చెబుతాను. ఇక్కడున్న అందరూ విన్నారు, చెవుడొచ్చేంత గట్టిగా."

పైలట్ సన్నగా నవ్వబోయాడు. అంతలో పక్కన పోతున్న టగ్ రేపిన అల కొట్టి ఓడ ఒక్కసారి అటూ ఇటూ ఊగింది. మేకు మొహం తెల్లబడి, పచ్చబడి, చివరికి బూడిద రంగుకి తిరిగింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి పరిగెత్తి, రెయిలింగ్ పట్టుకుని, పొద్దున తిన్నదంతా సముద్రానికి అప్పజెప్పాడు.

పైలట్ వెనకే వచ్చి వీపు నిమిరాడు. "పోర్ట్‌లో ఉద్యోగం చేస్తూ ఇదేంటయ్యా? ఇది కూడా నాన్నగారి నుంచేనా?"

మేకు చేత్తో మూతి తుడుచుకున్నాడు.

"కాదన్నా" అన్నాడు. "ఇది మాత్రం అమ్మ వైపు. ఇది వచ్చి తీరుతుంది."